బాంజో మీదే ఎందుకన్ని జోకులు? వాద్యాల వెనక నడిచే నవ్వుల చరిత్ర

సంక్షిప్తంగా: పాశ్చాత్య సంగీతంలో బాంజో, వయోలా, అకార్డియన్ వంటి కొన్ని వాద్యాల మీద లెక్కలేనన్ని జోకులున్నాయి. వాటి శబ్దం బాగుండదు కాబట్టే ఆ జోకులు పుట్టాయని చాలామంది అనుకుంటారు. శబ్దం పాత్ర కొంత ఉన్నా, అసలు కారణం అది కాదు. ఆ వాద్యాన్ని ఎవరు వాయించారు, వాళ్లని సమాజం ఎక్కడ కూర్చోబెట్టింది అన్నదే జోకు ఎవరి మీద పడుతుందో తేలుస్తుంది. బాంజో కథలో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు నుడికారంలోనూ దీని జాడలున్నాయి.

అమెరికాలో బాగా తిరిగే జోకు ఒకటుంది. "ఉల్లిపాయకీ బాంజోకీ తేడా ఏమిటి? ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లొస్తాయి. బాంజోని కోస్తే ఎవరికీ రావు." ఇదే జోకుని వయోలా పేరు పెట్టి చెబుతారు, అకార్డియన్ పేరు పెట్టి చెబుతారు, బ్యాగ్‌పైప్ పేరు పెట్టీ చెబుతారు. పియానో పేరు పెట్టి చెబితే మాత్రం ఎవరూ నవ్వరు. ఎందుకు నవ్వరో తెలిస్తే మిగతా సంగతి చాలావరకు అర్థమవుతుంది.

ముందుగా ఒక స్పష్టత అవసరం. మన దేశంలో గణపతి ఊరేగింపుల్లో, కవ్వాలీ కచేరీల్లో బ్యాంజో, బెంజో అని పిలిచేది వేరే వాద్యం. టైపు మిషన్ మీటల్లాంటివి నొక్కుతూ తీగలు మీటే ఆ పెట్టె అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. జపాన్‌లో 1912 ప్రాంతంలో తయారైన తైషోగోతో దానికి మూలం. ఇక్కడ చర్చిస్తున్నది అమెరికన్ బాంజో గురించి. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, దానికి పొడవాటి మెడ అమర్చి, ఐదు తీగలు కట్టిన వాద్యం అది.

జోకు పాతదే, పేరే కొత్తది

బాంజో వాద్యకారుడి జీవితంలో సగం శృతి చేసుకోవడానికే పోతుందని, మిగతా సగం అపశృతిలో వాయించడానికి పోతుందని ఒక జోకు. ఇది అమెరికాలో పుట్టలేదు. జర్మన్ సంగీత రచయిత యోహాన్ మాథెసన్ 1713లోనే ల్యూట్ అనే తీగల వాద్యం గురించి ఇలాంటి మాట రాశాడు. ల్యూట్ వాయించేవాడు 80 ఏళ్లు బతికితే అందులో 60 ఏళ్లు శృతి చేయడానికే ఖర్చయి ఉంటాయన్నది దాని సారాంశం. ల్యూట్ అంటే అప్పటికి యూరప్‌లో రాజాస్థానాల వాద్యం. అయితే ఆ వైభవం తగ్గుముఖం పట్టిన రోజులవి. వాద్యం ప్రాభవం సన్నగిల్లుతున్నప్పుడు దాని మీద జోకు పుట్టింది. ల్యూట్ కనుమరుగయ్యాక ఆ జోకు దిక్కులేనిది కాలేదు, మరో వాద్యాన్ని వెతుక్కుంది.

అంటే జోకులు వాద్యంలోంచి పుట్టుకురావు. అవి గాలిలో తిరుగుతూ ఉంటాయి. ఎక్కడ ఆనుకోవడానికి చోటు దొరికితే అక్కడ వాలతాయి. ఆ చోటు ఎలా ఏర్పడుతుందన్నదే ప్రశ్న.

శబ్దంలో ఎంత నిజముంది?

శృతి జోకులో కొంత నిజం ఉంది. గిటార్‌కి చెక్క పలక ఉంటుంది, బాంజోకి తోలు ఉంటుంది. తీగల్ని మోసే గుర్రం (బ్రిడ్జి అనే చిన్న చెక్క) ఆ తోలు మీదే నిలబడి ఉంటుంది. ఒక తీగ బిగిస్తే గుర్రం కాస్త కిందికి దిగుతుంది, దాంతో మిగిలిన తీగల శృతి కూడా కదులుతుంది. పైగా తోలు తేమకి సాగుతుంది, ఎండకి బిగుస్తుంది. 1950ల చివర్లో ప్లాస్టిక్ పొరలు వచ్చేదాకా బాంజో వాద్యకారులకి వర్షాకాలమంటే టెన్షనే. డప్పు వాయించేవాళ్లు మొదలుపెట్టే ముందు గడ్డిమంట దగ్గర డప్పు ఎందుకు కాగబెడతారో తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. చల్లదనానికి జారిన తోలు వేడికి మళ్లీ బిగుసుకుని ఖంగుమంటుంది. రెండుచోట్లా ఉన్నది ఒకే భౌతిక సూత్రం.

రెండో విషయం శబ్దం నిలవకపోవడం. బాంజో తోలు చాలా తేలిక. తీగని మీటగానే దాని శక్తి ఒక్కసారిగా తోలులోకి దూకి శబ్దంగా బయటికి పోతుంది. అందుకే ప్రతి స్వరం గట్టిగా, కొట్టినట్టుగా మొదలై, చటుక్కున ఆగిపోతుంది. వీణలో మీటుకి మీటుకి మధ్య స్వరాన్ని లాగి గమకం పలికించే వ్యవధి ఉంటుంది. బాంజోలో అది బాగా తక్కువ. ఆ ఖాళీ నింపడానికి వాద్యకారులు స్వరాల మీద స్వరాలు కురిపిస్తారు. 1945 చివర్లో బిల్ మన్రో బృందంలో చేరిన ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్లతో చేసిన పని ఇదే. ఆ వేగం నుంచే బ్లూగ్రాస్ అనే అమెరికన్ పల్లె సంగీతానికి గుర్తింపు వచ్చింది. బాంజో మీద విషాద గీతం వాయించడం కుదరదన్న జోకు కూడా ఆ వేగం నుంచే వచ్చింది. హాస్యనటుడు స్టీవ్ మార్టిన్ 1970లలో స్టేజీ మీద ఈ సంగతితోనే జనాన్ని నవ్వించేవాడు. చేతిలో బాంజోతోనే ఆ మాట అనేవాడు. ఆయన బాంజో ఆల్బమ్‌కి 2010లో గ్రామీ పురస్కారం కూడా వచ్చింది.

స్వరం వెంటనే ఆగిపోవడం ఒక్కటే నవ్వుకి కారణమైతే మాండలిన్ మీదా ఇన్ని జోకులుండాలి. దాని స్వరమూ క్షణంలో ఆరిపోతుంది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి మాండలిన్‌ని తెచ్చినప్పుడు ఈ సమస్యనే ఎదుర్కొన్నారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు కట్టి, ఎలక్ట్రిక్ మాండలిన్ వాడి, స్వరం నిలిచేలా, గమకం పలికేలా చేశారు. ఈ పాశ్చాత్య వాద్యం కర్ణాటక కచేరీకి ఎలా సరిపోతుందన్న సందేహాలు మొదట్లో వచ్చాయి. కానీ అవి అనుమానాల దగ్గరే ఆగాయి, జోకులుగా మారలేదు. వాయించిన కొద్దీ ఆ అనుమానాలూ పోయాయి. శబ్దంలోని లోపం జోకుకి సాకు ఇస్తుందే తప్ప జోకుని పుట్టించదు.

బాంజోని ఎవరు వాయించారు?

అసలు కథ ఇక్కడుంది. బాంజో ఆఫ్రికన్ల వాద్యం. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులు కరీబియన్ దీవుల్లో, ఉత్తర అమెరికాలో సొరకాయ బుర్రకి తోలు బిగించి, కర్ర మెడ పెట్టి దీన్ని తయారు చేసుకున్నారు. సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా ప్రజల అకోంటింగ్ వాద్యానికి దీనితో ఉన్న పోలిక చూడగానే తెలుస్తుంది. 1780లలో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ కూడా ఇది ఆఫ్రికా నుంచి వచ్చిన వాద్యమని రాశాడు. సౌత్ కరొలైనాలో 18వ శతాబ్దం చివర్లో గీసిన ఒక చిత్రంలో బానిసల గుంపు మధ్య సొరకాయ బాంజో వాయిస్తున్న మనిషి కనిపిస్తాడు. ఆ చిత్రంలో నవ్వులాటేమీ లేదు. వాయించేవాడు, ఆడేవాళ్లు, చూసేవాళ్లు అందరూ తమ పనిలో లీనమై ఉన్నారు.

నవ్వు తర్వాత వచ్చింది. 1830లలో వర్జీనియాకి చెందిన జోయెల్ వాకర్ స్వీనీ అనే తెల్లజాతి వాద్యకారుడు బాంజోని స్టేజీకి ఎక్కించాడు. 1843లో న్యూయార్క్‌లో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ అనే నలుగురి బృందం ముఖానికి మసి పూసుకుని, నల్లవాళ్ల వేషం కట్టి, ఫిడేలు, బాంజో, టాంబరీన్, ఎముక చిడతలతో ప్రదర్శనలిచ్చింది. నల్లవాళ్లు సోమరులని, తెలివితక్కువవాళ్లని, ఎప్పుడూ నవ్వుతూ తుళ్లుతూ ఉంటారని చూపించడమే ఆ ప్రదర్శనల సరుకు. దశాబ్దాల పాటు అమెరికాలో అత్యంత జనాదరణ పొందిన వినోదం ఇదే. ఆ వేషానికి బాంజో ఒక ఆభరణమైపోయింది. బాంజో కనిపిస్తే నవ్వు వస్తుందన్న అలవాటు జనంలో పడింది ఇక్కడే.

ఇందులో రెండు నష్టాలు జరిగాయి. మొదటిది, తమని ఎగతాళి చేయడానికి వాడిన వాద్యానికి నల్లజాతి సంగీతకారులే క్రమంగా దూరమయ్యారు. 20వ శతాబ్దం నడిచేకొద్దీ వాళ్లలో బాంజో వాయించేవాళ్లు అరుదైపోయారు. రెండోది, వాద్యం ఎవరిదన్న సంగతే జనం మరిచిపోయారు. ఒక జాతి తన చేతుల్తో చేసుకున్న వాద్యాన్ని ఆ జాతి చేతుల్లోంచే జోకు లాక్కుంది. బాంజో జోకుల గురించి మాట్లాడేటప్పుడు అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఇది.

19వ శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియాలో బాంజోలు తయారు చేసిన ఎస్.ఎస్. స్టివార్ట్ వంటివారు దీన్ని మర్యాదస్తుల ఇళ్లలోకి తేవడానికి గట్టిగా ప్రయత్నించారు. బాంజో ఆర్కెస్ట్రాలు పెట్టారు, పాఠాలు అచ్చేశారు. ఆ ప్రయత్నం కొంతకాలమే నిలిచింది. ఆ తర్వాత బాంజో తూర్పు అమెరికాలోని అపలాచియన్ కొండల్లోని పేద తెల్లజాతి రైతుల, గని కూలీల వాద్యంగా పేరుపడింది. జోకు కూడా వాళ్ల మీదికి మళ్లింది. 1962లో మొదలైన ద బెవర్లీ హిల్‌బిల్లీస్ టీవీ సీరియల్ పాటలో వినిపించేది స్క్రగ్స్ బాంజోనే. కొండ ప్రాంతపు అమాయకులు నగరానికి వచ్చి పడే పాట్లే ఆ సీరియల్ హాస్యం. 1972లో వచ్చిన డెలివరెన్స్ సినిమా ఇంకో మెట్టు ముందుకెళ్లింది. జార్జియా అడవుల్లో ఒక కుర్రాడు బాంజో వాయించే దృశ్యం, ఆ తర్వాత జరిగే హింస రెండూ ప్రేక్షకుల మనసులో ముడిపడిపోయాయి. ఆ కుర్రాడికి నిజంగా బాంజో రాదు, ఆ సంగీతం వాయించింది న్యూయార్క్‌లో పుట్టిన ఎరిక్ వైస్‌బర్గ్. అయినా ఆ నాలుగు స్వరాలు హమ్ చేస్తే చాలు, ఎదుటి మనిషిని వెనకబడినవాడని వెక్కిరించినట్టే అన్న అర్థం స్థిరపడింది.

వందేళ్లలో బాంజో నిర్మాణం కొంత మారింది, శబ్దం కొంత మారింది. జోకు గురిపెట్టిన మనుషులైతే పూర్తిగా మారిపోయారు. మొదట బానిసలు, తర్వాత కొండ పేదలు. ఎవరు కింద ఉంటే వాళ్ల మీద పడింది.

వయోలా: ఇంట్లో వాళ్లు వేసే జోకు

వయోలా జోకుల తీరు వేరు. ఇవి సామాన్య జనం చెప్పుకునేవి కావు, ఆర్కెస్ట్రాలోని సంగీతకారులు తమలో తాము చెప్పుకునేవి. "వయొలిన్ దొంగతనం కాకుండా ఉండాలంటే ఏం చేయాలి? వయోలా పెట్టెలో దాచాలి" అన్నది వాటిలో ప్రసిద్ధం.

వయోలా చూడటానికి కాస్త పెద్ద వయొలిన్‌లా ఉంటుంది. వయొలిన్ కన్నా ఐదు స్వరాల కింద, అంటే పంచమం తేడాతో పలుకుతుంది. వయొలిన్ బొద్దు (మెడ కాకుండా మిగిలిన పెట్టె) పొడవు సుమారు 35.5 సెంటీమీటర్లు. పంచమం కిందికి దిగాలంటే లెక్క ప్రకారం దాని బొద్దు 53 సెంటీమీటర్ల దాకా పెరగాలి. అంత పెద్దదాన్ని భుజం మీద పెట్టుకుని ఎవరూ వాయించలేరు. అందుకని 38 నుంచి 43 సెంటీమీటర్ల మధ్య రాజీపడ్డారు. ఆ రాజీ వల్లే వయోలా గొంతు కాస్త మూసుకున్నట్టు, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. దాన్ని ఇష్టపడేవాళ్లు ఆ గొంతునే ప్రాణంగా ఇష్టపడతారు.

స్థానం విషయంలోనూ చిక్కే. 18వ శతాబ్దపు ఆర్కెస్ట్రాల్లో ప్రధాన రాగం వయొలిన్‌ది, పునాది కింది స్వరాలది. వయోలాకి మధ్యలో పూరకపు పని దక్కేది. జర్మన్ సంగీతకారుడు యోహాన్ క్వాంట్జ్ 1752లో ఇదే రాశాడు. వయోలాని జనం చిన్నచూపు చూస్తారని, దానికి కారణం తరచుగా కొత్తవాళ్లు, పెద్ద ప్రతిభ లేనివాళ్లు దాన్ని వాయించడమేనని చెప్పాడు. వయొలిన్ సరిగా రానివాళ్లని వయోలాకి పంపేవారు, వాళ్లు వాయించాక అది తక్కువ స్థాయి వాద్యమనిపించేది, అలా అనిపించాక మంచి వాద్యకారులు దాని జోలికి వెళ్లేవారు కాదు. ఇదొక విషవలయం. మొజార్ట్ మాత్రం క్వార్టెట్లలో (నలుగురు కలిసి వాయించే కచేరీల్లో) వయోలా వాయించడానికి ఇష్టపడేవాడు. 1779లో వయొలిన్‌తో సమానంగా దాన్ని నిలబెట్టి సింఫోనియా కన్సర్టాంటే అనే ఆర్కెస్ట్రా రచన చేశాడు. 20వ శతాబ్దంలో లయనెల్ టెర్టిస్, పాల్ హిండెమిత్ వంటి గొప్ప వయోలా వాద్యకారులు వచ్చాక వయోలా వాయించడం ఎవరికీ శిక్ష కాకుండా పోయింది. అయినా జోకులు ఆగలేదు. అమెరికన్ పరిశోధకుడు కార్ల్ రాకోనెన్ 2000లో వీటిని సంగీతకారుల జానపద సాహిత్యంగా తీసుకుని ఒక వ్యాసమే ప్రచురించాడు.

కర్ణాటక కచేరీలో ఘటం, కంజీర, మోర్సింగ్ ఉపపక్కవాద్యాలు. వాటికి తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యాలు మాత్రమే మోగే భాగంలో, తమ వంతు వస్తుంది. ఆ కాసేపు సభంతా వాటివైపే చూస్తుంది. పాతకాలపు ఆర్కెస్ట్రాలో వయోలాకి అలాంటి వంతు దాదాపుగా లేదు. కూర్చునే చోటుకీ జోకుకీ ఉన్న సంబంధం ఇక్కడ తేలిగ్గా పట్టుబడుతుంది. కానీ వయోలా జోకులో కులం లేదు, జాతి లేదు. వయోలా వాద్యకారులే వాటిని పోగేసి చెప్పుకుంటారు. పక్క కుర్చీలో కూర్చున్నవాడు వేసే జోకుకీ, ప్రేక్షకుడు స్టేజీ కింద నుంచి వేసే జోకుకీ చాలా తేడా ఉంది. బాంజోని, వయోలాని ఒకే గాటన కట్టేవాళ్లు ఈ తేడానే వదిలేస్తారు.

అకార్డియన్, హార్మోనియం

గాలికి కదిలే రీడ్లతో పలికే అకార్డియన్‌కి 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ పేటెంట్ తీసుకున్నాడు. 1950ల అమెరికాలో ఇది పిల్లలకి నేర్పించే వాద్యం, కుటుంబమంతా కూర్చుని చూసే లారెన్స్ వెల్క్ టీవీ షోలో వినిపించే వాద్యం. రాక్ సంగీతం వచ్చి గిటార్ కుర్రకారు చేతికెక్కగానే అకార్డియన్ అమ్మానాన్నల వాద్యమైపోయింది. అక్కడి నుంచి జోకులు మొదలు. అదే వాద్యానికి కొలంబియాలో పట్టం కడతారు. వయ్యెదుపార్ నగరంలో 1968 నుంచి జరిగే వయ్యెనాతో అనే జానపద సంగీత ఉత్సవంలో గెలిచిన అకార్డియన్ వాద్యకారుణ్ని రాజు అని పిలుస్తారు. శబ్దమే నవ్వుకి కారణమైతే ఈ రెండు దేశాలకీ ఇంత తేడా ఉండదు.

అకార్డియన్‌కి దగ్గరి బంధువైన హార్మోనియానికి మన దేశంలో జోకుకన్నా పెద్ద దెబ్బే తగిలింది. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. 1971లో గానీ సడలింపు మొదలవలేదు. ఇక్కడ సంగీతపరమైన అభ్యంతరం నిజమైనదే. హార్మోనియం మీట నొక్కితే స్వరం అక్కడే స్థిరంగా నిలబడుతుంది, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే గమకం దానికి రాదు. వయొలిన్ కూడా యూరప్ నుంచి వచ్చిందే కానీ, జారగలదు కాబట్టి కచేరీలో ఇమిడిపోయింది. అయితే రేడియోలో వద్దనుకున్న ఆ పెట్టె మీదే తెలుగు పద్యనాటకం బతికింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల నుంచి ఊరూరా తిరిగిన నాటక సమాజాల దాకా, తెర ముందు హార్మోనిస్టు శృతి అందుకుంటేనే నటుడి గొంతులో పద్యం లేచేది. రాగం ఎత్తి సాగదీసే నటుడికి ఊపిరి ఆడేంత వ్యవధి ఇచ్చింది కూడా ఆ హార్మోనియమే. ఏ పనికి పెట్టారన్నదాన్ని బట్టి వాద్యం గొప్పదనం మారుతుంది.

తెలుగు నుడికారంలో వాద్యాలు

తెలుగులో వాద్యాల మీద జోకులు తక్కువే గానీ, నుడికారాలు బోలెడు. తనని తాను పొగుడుకుంటే డప్పు కొట్టుకుంటున్నాడంటారు. పెద్దవాళ్లని పొగిడితే బాకా ఊదుతున్నాడంటారు. ఔననడం తప్ప వేరే పని లేనివాణ్ని తాళం వేస్తున్నాడని, చిడతలు కొడుతున్నాడని అంటారు. సూటిగా కాకుండా దెప్పితే సన్నాయి నొక్కులు నొక్కడం. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందన్న సామెతలో మాత్రం ఎగతాళి కన్నా జాలే ఎక్కువ. రోలుకి ఒకవైపే దెబ్బలు, మద్దెలకి రెండువైపులా.

ఈ వరుసలో వీణ లేదు. వీణని ఎత్తిపొడుపు మాటగా వాడిన వాడుక మామూలు మాటల్లో వినిపించదు. వీణ ఇంటి లోపలి వాద్యం, సరస్వతి చేతిలోది. డప్పు, సన్నాయి, బాకా ఆరుబయట మోగేవి. దండోరాకి, జాతరకి, శవయాత్రకి డప్పు కావాలి, కానీ డప్పు కొట్టే సిర్ర, చిటికెన పుల్ల పట్టిన చేతులది ఊరి వెలుపలి వాడ. తాళి కట్టే క్షణానికి గట్టిమేళం లేకపోతే పెళ్లి పెళ్లిలా ఉండదు, కానీ ఆ సన్నాయి ఊదే మనిషి కూర్చునేది పందిట్లో ఒక మూలన. నొక్కు అంటే ఏళ్ల సాధనతో వచ్చే పనితనం. దాన్ని దెప్పిపొడుపుకి పేరుగా వాడటంలో వాయించేవాడి మీద ఉన్న చిన్నచూపు దాగి ఉంది. బాంజోకి అమెరికాలో జరిగింది ఇక్కడా మరో రూపంలో జరిగింది. కాకపోతే అక్కడ అది స్టేజీ మీద జరిగితే, ఇక్కడ మాటల్లో జరిగింది.

ఆ చూపు మారుతోంది కూడా. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సభలకి డప్పే గుండె చప్పుడైంది. దళిత సాంస్కృతిక ఉద్యమాలు డప్పుని ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తి పట్టాయి. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం ముందు సంగీత సభలు చేతులు జోడించాయి.

ఇప్పుడు బాంజో ఎవరి చేతిలో ఉంది?

2005లో నార్త్ కరొలైనాలోని బూన్‌లో నల్లజాతి బాంజో సంప్రదాయం కోసం ఒక సమావేశం జరిగింది. చెదిరిపోయిన నల్లజాతి బాంజో వాద్యకారులు, చరిత్రకారులు అక్కడ ఒకచోట చేరారు. ఆ సమావేశంలో కలిసిన యువకులే కరొలైనా చాక్లెట్ డ్రాప్స్ అనే బృందంగా ఏర్పడ్డారు. జో థాంప్సన్ అనే పెద్దాయన దగ్గర కూర్చుని, ఆయన ఫిడేలు పక్కన బాంజో వాయిస్తూ పాత పాటలు నేర్చుకున్నారు. ఆ బృందంలోని రియానన్ గిడెన్స్‌కి 2017లో మెకార్థర్ ఫెలోషిప్ అనే పేరున్న అమెరికన్ పురస్కారం వచ్చింది. ఏ సభలో వాయించినా బాంజో ఆఫ్రికా నుంచి ఎలా వచ్చిందో చెప్పడం ఆమె మానలేదు.

2024 ఫిబ్రవరిలో విడుదలైన బియాన్సే పాట టెక్సస్ హోల్డెమ్ బాంజో మీటుతోనే మొదలవుతుంది. అమెరికా పాటల పట్టికలో అది మొదటి స్థానానికి చేరింది. ఆ బాంజో వాయించింది గిడెన్సే. అదే పాటలో వినిపించే వయోలా కూడా ఆమెదే.